తొట్టి పెద్దదైతే చేపల లెక్క పెరగాలా?

మత్స్యావతార కథ ఎరుగని తెలుగువారు అరుదు. భాగవతం అష్టమ స్కంధంలో ద్రవిడదేశపు రాజు సత్యవ్రతుడు కృతమాలా నదిలో జలతర్పణం చేస్తుండగా దోసిటి నీళ్ళలోకి ఒక చేపపిల్ల వస్తుంది. నీళ్ళతోపాటు దానిని నదిలోకి విడిచిపెడితే, పెద్ద చేపలు తనను మ్రింగివేస్తాయి, రక్షించమని మొరపెట్టుకుంటుంది. రాజు దానిని కమండలువులో ఉంచి ఆశ్రమానికి తీసుకువెళతాడు. తెల్లవారేసరికి కమండలువు చాలదు. కడవలో వేస్తాడు, అదీ చాలదు. మడుగులో వేస్తాడు, సరస్సులో వేస్తాడు, అవీ చాలవు. కట్టకడపట సముద్రానికి చేరుస్తాడు. అంతకంటె ప్రాచీనమైన శతపథ బ్రాహ్మణంలో ఈ రాజు స్థానంలో మనువు ఉంటాడు. అక్కడ పాత్రలు కుండ, గుంట, సముద్రం. ఎక్కడ చదివినా కథ నడక ఒకటే. చేప పెరుగుతుంది, పాత్ర మారుతుంది.

పల్లెటూరి ఉన్నత పాఠశాలలో ముప్ఫయ్యేళ్ళకు పైగా తెలుగు చెప్పాను. ఈ కథ చెప్పిన ప్రతిసారీ చివర "ఆ చేప ఎవరు?" అని అడిగేవాణ్ణి. "శ్రీమహావిష్ణువండీ" అని తరగతి అంతా ఒక్క గొంతుతో అరిచేది. అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నదని, ఉద్యోగ విరమణ చేసిన ఇన్నాళ్ళకు తోచింది. అన్నిసార్లు పాత్ర మార్చిన సత్యవ్రతుడు, చోటు మిగిలింది కదా అని ఒక్కసారైనా రెండవ చేపను తెచ్చి అందులో వేశాడా?

వేయలేదు. మిత్రులారా, నేను చెప్పదలచినదంతా ఈ ఒక్క మాటలోనే ఉన్నది. మిగిలినది వ్యాఖ్యానం. ఓపిక ఉన్నవారు చదవగలరు.

ఈ ప్రశ్న నాకు టెక్సాస్‌లో, డాలస్ నగరం దగ్గర మా అబ్బాయి ఇంటి హాలులో పుట్టింది. మూడు నెలల క్రితం వాడు 180 గాలన్ల గాజుతొట్టి ఒకటి కొన్నాడు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. ఇంట్లో అప్పటికే ఉన్న 125 గాలన్ల ఉప్పునీటి అక్వేరియాన్ని అందులోకి మార్చాలని సంకల్పం. ఆ ఆదివారం నాలుగు కుటుంబాలవారు భోజనానికి వచ్చారు. భోజనాలయ్యాక అందరూ ఖాళీ తొట్టి చుట్టూ చేరి, ఇందులో ఏయే చేపలు వేయాలో చెప్పడం మొదలుపెట్టారు. ఒకరు తేలుచేప అన్నారు, ఒకరు ఏంజెల్ అన్నారు, ఒకరు ఫోను తీసి బొమ్మలు చూపించారు. మా మనవరాలు కాగితం మీద జాబితా వ్రాసింది. లెక్కిస్తే పద్నాలుగు. అప్పుడు మా అబ్బాయి నా వైపు తిరిగి, "నాన్నగారూ, మీరేమంటారు?" అన్నాడు.

"ఒక్కటి కూడా వద్దు" అన్నాను. అందరూ నవ్వారు. మర్యాదగానే నవ్వారు, పెద్దవాణ్ణి కదా. కాని ఆ నవ్వుల వెనుక వాదాలున్నవి. నాకు తర్కం చెప్పిన గురువుగారు ఎదుటివాని మాటను వాని కంటె బాగా చెప్పి, ఆ పిమ్మటనే ఖండించమనేవారు. కనుక పూర్వపక్షాలను ఒక్కొక్కటిగా ఎత్తి చూపి సమాధానం చెబుతాను. అంతకు ముందు ఈ ఇంట్లో జరిగిన కథ కొంత తెలియాలి.

ఉప్పునీటి తొట్టి మన ఇళ్ళలో గప్పీలను పెంచే గాజుగిన్నె వంటిది కాదు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. శుద్ధిచేసిన నీటిలో ప్రత్యేకమైన ఉప్పు కలిపి ఆ పాకాన్ని ఇంట్లో తయారుచేయాలి. ఆవిరైపోయేది నీరే కాని ఉప్పు కాదు. అందుచేత రోజూ తగ్గినంత మేర మంచినీళ్ళే పోయాలి. వేడి 25, 26 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. అడుగున ఇసుక, దాని మీద రంధ్రాలు రంధ్రాలుగా ఉండే పగడపు రాళ్ళు. వీటిని లైవ్ రాక్ అంటారు. ఎందుకంటారో తరువాత చెబుతాను.

మా అబ్బాయి మొదటి తొట్టి 55 గాలన్లది, అంటే 208 లీటర్లు. నాలుగడుగుల పొడవు. 'ఫైండింగ్ నీమో' సినిమా చూసిన మనవరాలి ముచ్చట తీర్చడానికి నారింజరంగు క్లౌన్ చేపల జంటను, ఒక పసుపు టాంగ్‌ను, ఒక నీలి టాంగ్‌ను తెచ్చాడు. నీలి టాంగ్ కొన్నప్పుడు రూపాయి బిళ్ళంత ఉన్నదట. అది పెరిగితే అడుగు పొడవు అవుతుందని అమ్మినవారు చెప్పలేదు, కొన్నవాడు అడగలేదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుఫాను వచ్చి కరెంటు పోయినప్పుడు మా వాళ్ళు తొట్టికి దుప్పట్లు చుట్టి, బ్యాటరీతో నడిచే గాలిపంపు పెట్టి కాపాడుకున్నారు. చేపలు దక్కాయి, పగడాలు కొన్ని పోయాయి. తక్కువ నీరు త్వరగా చల్లబడుతుంది, ఎక్కువ నీరు నిలకడగా ఉంటుంది. కనుక పెద్ద తొట్టి కావాలని అప్పుడు నిశ్చయించుకున్నాడు. నిశ్చయం మంచిదే. ఆచరణ మంచిది కాదు.

2022 వేసవిలో నేనిక్కడే ఉన్నాను. ఒక శనివారం ఉదయం మొదలుపెట్టి సాయంత్రానికి 55 గాలన్ల నుండి 125 గాలన్లకు, అంటే 473 లీటర్లకు, మార్పు ముగించారు. పాత ఇసుకను చేటతో ఎత్తినట్లు ఎత్తి కొత్త తొట్టిలో పోశారు. నీళ్ళు కుడితిలాగా అయ్యాయి. రాళ్ళను పెరట్లో కాగితాల మీద పరిచి టెక్సాస్ ఎండలో మధ్యాహ్నమంతా ఉంచారు. ఉప్పునీరు ఆ పూటే కలిపారు. వారం తిరగకుండా, చోటు రెట్టింపయింది కదా అని దుకాణంవారు చెప్పిన మాట విని మరి అయిదు చేపలు తెచ్చి వేశారు. కరోనా కాలంలో మనమందరం నేర్చుకున్న క్వారంటైన్ ఆ అయిదింటికీ జరగలేదు.

పన్నెండవ రోజున పసుపు టాంగ్ ఒంటిమీద ఉప్పు చల్లినట్లు తెల్లచుక్కలు కనబడ్డాయి. పదిహేనవ రోజున చచ్చిపోయింది. ఆ అయిదింటిలో మూడు కూడా దాని వెంటనే పోయాయి. ఇంటిల్లపాదీ పనులకు, బడికి వెళ్ళిన తర్వాత మధ్యాహ్నం పూట ఎండబెట్టిన సముద్రపు నాచు రేకును క్లిప్పుకు తగిలించి గాజుకు అంటించే పని నాది. నేను కుర్చీలోంచి లేచానంటే అది ముందుగా వచ్చి ఆ మూల నిలబడేది. దానిని పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టాము. మనవరాలు అడిగింది: "తాతయ్యా, పెద్ద ఇల్లు ఇచ్చాం కదా, ఎందుకు చచ్చిపోయింది?"

వ్యాకరణంలో ఎంత చిక్కు ప్రశ్నకైనా సమాధానం చెప్పగలిగిన నేను ఆ రోజు నోరు మెదపలేకపోయాను. ఇక పూర్వపక్షాలు.

మొదటిది. "తొట్టి మార్చడమంటే ఒక కుండలోని నీళ్ళు మరొక కుండలో పోయడమే. ఒక పూట పని."

ఈ మాట అనేవారు తొట్టి అంటే నీళ్ళు, చేపలు అనుకుంటున్నారు. వాటికంటె ముందు చెప్పవలసిన ప్రాణులు కంటికి కనబడనివి. చేప మొప్పల గుండా అమోనియాను విసర్జిస్తుంది. అమోనియా విషం. సముద్రపు నీరు క్షారగుణం కలది కనుక అందులో దాని తీవ్రత మంచినీటిలో కంటె ఎక్కువ. ఒక జాతి బ్యాక్టీరియా ఆ అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, మరొక జాతి ఆ నైట్రైట్‌ను అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ బ్యాక్టీరియా నివాసం ప్రధానంగా నీటిలో కాదు. రాళ్ళ రంధ్రాలలో, ఇసుక రేణువుల మీద, ఫిల్టరు స్పాంజిలో. రాళ్ళకు లైవ్ రాక్ అని పేరు అందువల్లనే. రాళ్ళను ఎండలో పెట్టినవాడు తొట్టిని కాపాడే సైన్యాన్ని తన చేతులతో చంపి, దాని శవాల కుళ్ళును కూడా తొట్టిలోకే తెచ్చుకున్నాడు. పాత ఇసుక అడుగున ఏళ్ళ తరబడి పేరుకున్న మలినం ఉంటుంది. దానిని కలియబెట్టి పోసినవాడు చేపను మురికికాలువలోకి మార్చాడు. పాత నీళ్ళను మాత్రం పదిలంగా బక్కెట్లతో మోశాడు! ఉపయోగపడేదానిని ఎండబెట్టి, ఉపయోగం తక్కువైనదానిని నెత్తిన పెట్టుకున్నాడు.

ఇదంతా నేను పుస్తకాలలో చదవక ముందు ఒక శిష్యుని నోట విన్నాను. భీమవరం పరిసరాల్లో నా దగ్గర చదువుకున్న పిల్లలలో చాలామంది రొయ్యల చెరువులు చేస్తున్నారు. పసుపు టాంగ్ పోయిన వారం ఒకతను కుశలమడగడానికి ఫోను చేస్తే, జరిగినది చెప్పాను. "సీడు వేసేముందు ఎన్ని రోజులు నీళ్ళు పెంచారండీ?" అని అడిగాడు. అదే రోజు కలిపిన నీళ్ళని చెప్పాను. కొంతసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "మాస్టారూ, మేం రొయ్యని పెంచమండి. నీళ్ళని పెంచుతాం. రొయ్య దానంతటదే పెరుగుద్దండి." చెరువు ఎండగట్టి, దున్ని, సున్నం చల్లి, నీరు పెట్టి, ఆ నీటికి రంగు వచ్చేదాకా ఆగి, ఆ తరువాతనే వాళ్ళు సీడు దింపుతారు. సీడు వచ్చిన ప్లాస్టిక్ సంచులను వెంటనే విప్పరు. చెరువు నీటి మీద తేలవేసి, వేడి, ఉప్పదనం సరిచూసుకుని, మెల్లగా వదులుతారు. పదవ తరగతి తెలుగులో నలభై మార్కులు దాటని పిల్లవాడు నాకు పాఠం చెప్పాడు. నేను చెప్పించుకున్నాను.

రెండవ పూర్వపక్షం. "చోటు రెట్టింపయింది కనుక చేపలు రెట్టింపు కావచ్చు. ఇన్ని గాలన్లకు ఇన్ని అంగుళాల చేప అని లెక్క ఉన్నది."

నా కలహమంతా ప్రధానంగా దీనితోనే. ముందు ఆ లెక్క సంగతి. చేప పొడవు రెట్టింపైతే బరువు రెట్టింపు కాదు. వెడల్పు, మందం కూడా పెరుగుతాయి కనుక బరువు సుమారు ఎనిమిది రెట్లవుతుంది. తిండి, విసర్జన ఆ బరువు వెంట పెరుగుతాయి, పొడవు వెంట కాదు. నాలుగంగుళాల చేపలు మూడూ, పన్నెండంగుళాల చేప ఒకటీ అంగుళాలలో సమానమే. అవి విసర్జించే మలినంలో ఏ విధంగానూ సమానం కావు. అంగుళాల లెక్క బాలశిక్ష చదివే పిల్లవానికి కూడా నప్పని లెక్క.

పైగా చేపకు కావలసినది నీటి కొలత ఒక్కటే కాదు. టాంగ్ జాతి రాతిదిబ్బల వెంట నాచు మేస్తూ రోజంతా ఈదే జాతి. తోక మొదట కత్తి వంటి ముల్లు ఉంటుంది. ఇరుకు చోట ఒకటినొకటి దానితో చీల్చుకుంటాయి. క్లౌన్ చేపల గుంపులో పెద్దరికం ఆడచేపది. అది పోతే దాని మగచేపే ఆడదిగా మారి ఆ స్థానంలోకి వస్తుంది. అంత కట్టుదిట్టమైన సంసారాలు వీటివి. ప్రతి గుహకు, ప్రతి మూలకు హక్కుదారు ఉంటాడు. మన కంటికి ఖాళీగా కనబడే చోటు వాటి కంటికి ఒకరి పెరడు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట మరొకటి ఉన్నది. అడుగు పొడవు పెరిగే చేపను నాలుగడుగుల తొట్టిలో పెట్టిననాడే మా అబ్బాయి దానికి ఋణపడ్డాడు. అది పెరిగినకొద్దీ ఆ ఋణమూ పెరిగింది. పెద్ద తొట్టి కొనడం ఆ ఋణం తీర్చడం. అది దానం కాదు, ఔదార్యం కాదు. అప్పు తీర్చడానికి తెచ్చిన డబ్బుతో అంగడికి వెళ్ళి మరికొంత అప్పు చేసి వచ్చేవాణ్ణి మనం ఏమంటాం? 125 గాలన్లు వచ్చిన వారానికే అయిదు కొత్త చేపలు వేసినప్పుడు జరిగింది అదే. నీలి టాంగ్‌కు రావలసిన చోటును, దానికి ముట్టకముందే ఇతరులకు పంచిపెట్టాము. రెండేళ్ళు తిరగకుండా మళ్ళీ తొట్టి ఇరుకైంది. ఇప్పుడు 180 గాలన్లకు పద్నాలుగు పేర్ల జాబితా. ఈ లెక్కన 300 గాలన్లు కొన్నా ఇరుకే. తొట్టి పెరుగుతున్నది, చేప వంతుకు వచ్చే నీరు పెరగడం లేదు.

ఈ రోగం అక్వేరియాలకే పరిమితమని నేను అనుకోవడం లేదు. మా జిల్లాలో టైగర్ రొయ్య కాలం చూసినవాణ్ణి. 1990ల తొలి సంవత్సరాలలో చేతికి డబ్బు రాగానే చెరువులో సీడు పెంచుతూ పోయారు. దశాబ్దం మధ్యలో తెల్లమచ్చ వైరస్ వచ్చింది. క్రిక్కిరిసిన చెరువులలో అది అగ్గిలా పాకింది. (మా పసుపు టాంగ్‌ను చంపిన తెల్లచుక్కతో దీనికి పేరులో తప్ప చుట్టరికం లేదు. అది వైరస్, ఇది పరాన్నజీవి. కాని క్రిక్కిరిసిన చోట చెలరేగే గుణం రెండింటిదీ.) సముద్రంలో ఆ పరాన్నజీవి పిల్లలకు చేప దొరకడం అదృష్టం. తొట్టిలో అవి ఎటు పోయినా చేపే. ముందటి ఏడు మెడలో గొలుసుతో బడికి వచ్చిన పిల్లవాడు మరుసటి ఏడు ఫీజు కట్టలేక గోడ పక్కన నిలబడడం చూశాను. అక్కడా మొదటి తప్పు ఇదే: చోటున్నది కదా అని నింపడం.

మూడవ పూర్వపక్షం. "సముద్రంలో కోట్ల చేపలున్నాయి. మనం నాలుగు తెచ్చుకుంటే తరిగిపోతుందా?"

మంచినీటి అలంకార చేపలలో అధికభాగం చెరువుల్లో, కేంద్రాల్లో పెంచినవి. ఉప్పునీటి చేపలలో అధికభాగం నేటికీ సముద్రంలో పట్టి తెచ్చినవి. ఈ భేదం చాలామందికి తెలియదు. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా తీరాలలో రాతిదిబ్బల సందుల్లోకి సైనైడ్ ద్రావణం చిమ్మి, చేపను మైకం కమ్మించి పట్టే పద్ధతి దశాబ్దాలుగా ఉన్నది. చట్టాలు నిషేధించినా పూర్తిగా పోలేదు. దానివల్ల పక్కనున్న పగడాలు, పురుగు పుట్ర కూడా చస్తాయి. పట్టుబడిన చేప కూడా కొన్నాళ్ళకు ఏ కారణమూ కనబడకుండా చచ్చిపోవచ్చు. పసుపు టాంగ్ విషయానికి వస్తే, అంగళ్ళకు వచ్చేవి చిరకాలం హవాయి దీవుల నుండి వచ్చినవే. పర్యావరణ సమీక్ష లేకుండా అక్వేరియాలకు చేపలు పట్టే అనుమతులు ఇవ్వరాదని 2017లో హవాయి సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ తీర్పు వెనుక ఎన్నో ఏళ్ళ తగాదా ఉన్నది. సముద్రం తరగదని అక్కడివారు అనుకోలేదన్నమాట.

ఆ పసుపు చేప ఆయువు ఎంతో ఎరుగుదురా? హవాయిలో పరిశోధకులు చెవిరాళ్ళలోని వలయాలు లెక్కపెట్టి చూస్తే నలభై ఏళ్ళు దాటినవి కనబడ్డాయి. చెట్టుకు వలయాలున్నట్లే చేప చెవిలోని సన్నని రాయికీ ఉంటాయి. నలభై ఏళ్ళు బ్రతకగలిగిన ప్రాణిని మనం తెచ్చి, తొందరపాటుతో నాలుగైదేళ్ళకు పెరట్లో పాతిపెట్టాము. కోట్లలో ఒకటే కావచ్చు. అది మాత్రం దానికి ఉన్న ఒక్క బ్రతుకు.

శాస్త్రజ్ఞులు దారి చూపకపోలేదు. క్లౌన్ చేపలను దశాబ్దాలుగా కేంద్రాలలో పిల్లలు చేయించి పెంచుతున్నారు; మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కూడా దీనిని సాధించింది. 2015లో హవాయిలో పసుపు టాంగ్‌ను, 2016లో ఫ్లోరిడాలో నీలి టాంగ్‌ను గుడ్డు నుండి పెంచగలిగారు. అట్టి చేప ధర ఎక్కువ. ఎక్కువైనందుకే కొనేముందు మనిషి రెండుసార్లు ఆలోచిస్తాడు. నాకు అది లోపంగా తోచదు. మన దేశంలో ఉన్న మిత్రులకు ఒక హెచ్చరిక: సముద్రపు గుర్రాలు, దిబ్బలు కట్టే పగడాలు 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలోకి వచ్చాయి. అంగడిలో ఎవరైనా గుట్టుగా చూపిస్తే మురిసిపోకండి.

నాలుగవది, చివరిది, బలమైనది. "అంత జాలి ఉన్నవారు చేపలను సముద్రంలో వదిలేయవచ్చును కదా? సత్యవ్రతుడు చేసినదీ అదే కదా?"

ఆ ఆదివారం ఈ మాట అన్న పెద్దమనిషికి నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆ దారి మనకు మూసుకుపోయింది. ఇండో-పసిఫిక్ సముద్రాల తేలుచేప (లయన్ ఫిష్ అనేది ఇదే, మన జాబితాలో మొదటి పేరు కూడా ఇదే) 1985లో ఫ్లోరిడా తీరాన కనబడింది. అక్వేరియాల నుండి విడిచిపెట్టినవే దీనికి మూలమని శాస్త్రజ్ఞుల నిశ్చయం. అక్కడ దానిని అదుపుచేసే శత్రువులు లేవు. అట్లాంటిక్ తీరమంతా, కరీబియన్ అంతా ప్రాకి, అక్కడి చిన్న చేపలను తినివేస్తున్నది. జాలిపడి చేసిన పని అది. డాలస్‌కు దగ్గరి సముద్రం మెక్సికో సింధుశాఖ. నీలి టాంగ్ పుట్టిల్లు అది కాదు. పుట్టింటికే పంపినా, తొట్టిలోని రోగాలు దానితోపాటు పోతాయి.

కనుక సత్యవ్రతునికి ఉన్న చివరి మెట్టు మనకు లేదు. మనం కమండలువుకూ సరస్సుకూ నడుమ ఎక్కడో ఆగిపోయినవాళ్ళం. సముద్రం నుండి తెచ్చాము, సముద్రానికి చేర్చలేము. ఇట్టి స్థితిలో మనిషి చేయగలిగినవి రెండే: ఉన్నవాటికి వీలైనంత విశాలమైన చోటు ఇవ్వడం, వాటి పక్కన మరొకదానిని తెచ్చి పెట్టకపోవడం. మొదటిది మాత్రమే చేసి రెండవది చేయనివాడు మొదటిది కూడా చేయనట్లే.

"అయితే పెంచడమే మానవచ్చు కదా" అంటారా? కొనని వారికి నమస్కారం. వారు నా కంటె ఉత్తములు. నేను ఆ గాజు ముందు కూర్చుని ఎన్నో మధ్యాహ్నాలు సుఖంగా గడిపినవాణ్ణి. ఆ సుఖానికి బదులు చెల్లించవలసిన బాధ్యత నాకూ ఉన్నది. అందుకే ఈ వ్రాత.

ఇక ఈసారి మార్పు ఎట్లా జరిగిందో చెబుతాను. పాత తొట్టి ఉన్న చోటనే కొత్తది పెట్టాలనే పట్టుదల విడిచిపెడితే సగం గండం గడిచినట్లే. ఎదురుగోడ దగ్గర పెట్టాము. 681 లీటర్ల ఉప్పునీరు ఒక్కటే 700 కిలోలు తూగుతుంది. గాజు, రాళ్ళు, ఇసుక కలిపితే టన్నుకు చేరువ. నేల అందుకు తగినదో కాదో ముందు చూసుకున్నాము. కొత్త ఇసుక కడిగి పోసి, ఉప్పునీరు నింపి, పాత ఫిల్టరులోని స్పాంజి ముక్కను, ఒక రాయిని అందులో వేసి, పంపు తిప్పుతూ ఆరు వారాలు ఆగాము. కొద్దిగా అమోనియా చుక్కలు వేసి చూస్తే ఒక రోజులో మాయం కావడం మొదలైన తరువాతనే ముహూర్తం పెట్టుకున్నాము. రాళ్ళను తీసినవి తీసినట్లే పాత నీటి డబ్బాలలో ముంచి, హీటరు, పంపు పెట్టి ఉంచాము. పాత ఇసుక ఒక్క గుప్పెడు కూడా తేలేదు. రాళ్ళు, పిమ్మట పగడాలు, అన్నిటికంటె చివర చేపలు. ఉప్పదనం, వేడి సరిచూసుకుంటూ మెల్లగా వదిలాము. ఆ రాత్రి దీపాలు వెలిగించలేదు. రెండు వారాలు ఉదయం సాయంత్రం అమోనియా పరీక్ష. పగడాలకు కొత్త దీపాల వెలుగును రోజుకు కాస్త కాస్తగా పెంచాము.

ఇందులో గొప్ప విద్య ఏమీ లేదు. ఓపిక ఉన్నది. నా శిష్యుడు చెప్పిన నీళ్ళ పెంపకం ఉన్నది.

ఇప్పుడు 180 గాలన్లలో అయిదు చేపలున్నాయి. క్లౌన్ జంట, నీలి టాంగ్, 2022లో వచ్చి బ్రతికి బట్టకట్టిన రెండు చిన్నవి. నీలి టాంగ్ మొదటి రెండు రోజులు రాయి సందు విడిచి రాలేదు. మూడవ రోజు మధ్యాహ్నం ఈ చివరి నుండి ఆ చివరికి ఆరడుగులూ ఒక్క ఊపులో ఈది, తిరిగి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. నేను కుర్చీలో కూర్చుని కాఫీ చల్లారిపోయేదాకా చూశాను. అది అంత వేగంగా ఈదగలదని అన్నేళ్ళూ నాకు తెలియదు. పాత తొట్టిలో తెలిసే అవకాశం లేదు.

నిన్న వచ్చిన అతిథి ఒకరు, "ఇంత పెద్ద తొట్టి కొని ఇన్నే చేపలా? ఖాళీగా ఉందేమిటండీ?" అన్నారు. నేను నోరు తెరవబోయాను. అంతలో మనవరాలు, "ఖాళీ లేదంకుల్, అదంతా వాళ్ళదే" అన్నది.

పద్నాలుగు పేర్ల జాబితా ఫ్రిజ్ తలుపు మీద ఇంకా ఉన్నది. పదమూడు కొట్టివేసి ఉన్నాయి. ఒక్కటి మాత్రం మిగిలింది: పసుపు టాంగ్. దాని పక్కన మా అబ్బాయి దస్తూరీలో "కేంద్రంలో పెంచినది మాత్రమే. వచ్చే ఏడాది చూద్దాం" అని ఉన్నది. దానిని కూడా కొట్టివేయించాలని నాకు ఉన్నది. మనవరాలి ముఖం చూసి ఇంతవరకు అడగలేకపోయాను. ఈ వాదంలో నేను ఓడిపోయే చోటు అదే. మిగిలిన చోట్ల ఎవరైనా ఖండించదలచుకుంటే సావకాశంగా రండి, మాట్లాడుకుందాం.

స్వస్తి.